డబ్బా ఉండగా డాక్టరెందుకు!

జంషెడ్‌పూర్‌లోని మా భుయ్యాడీహ్‌లో ఇప్పుడు ఎవరికీ దిగులు లేదు. అందరికీ డబ్బా ఉంది!

నవ్వకండి. నేను పూర్తి శాస్త్రీయంగా మాట్లాడుతున్నాను. పూర్వం మనసు బాగోలేని మనిషి ఏం చేసేవాడు? పక్కింటి గుమ్మంలో చతికిలబడి తన గోడంతా వెళ్ళబోసుకుని, వాళ్ళ టీ తాగి, వాళ్ళ పని చెడగొట్టి లేచి వచ్చేవాడు. వాళ్ళు కూడా పనులు మానుకుని వినేవాళ్ళు. ఎంత అనాగరికం! ఇప్పుడా అవస్థ లేదు. పొద్దున్నే రెండు క్యాప్సూల్స్, ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళు. దిగులు దాని దారిన అది పోతుంది. పోకపోతే? డోసు పెంచాలి. ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది?

వీటిని నూట్రోపిక్స్ అంటారు. మెదడుకి పదును పెట్టి, మూడ్‌ని పైకి లేపుతాయట. కానీ మందులు కావు, సప్లిమెంట్లు. మందయితే డాక్టర్ రాయాలి, పరీక్షలు జరగాలి, పనిచేస్తుందని ఎవరో ఒకరు రుజువు చెయ్యాలి. సప్లిమెంటుకి ఆ బాదరబందీ ఏదీ లేదు. డబ్బా మీద మెదడు బొమ్మ, ఆ మెదడులోంచి మెరుపులు ఉంటే చాలు. లోపల బ్రాహ్మి, అశ్వగంధ, సింహం జూలు పేరుతో చలామణీ అయ్యే ఒక పుట్టగొడుగు, ఇంకా అక్షరాలూ అంకెలూ కలగలిసిన పదార్థాలు బోలెడు. చదవాలంటే భూతద్దం కావాలి. అయినా చదవమని ఎవరన్నారు? మింగమన్నారు.

నేనూ మింగుతున్నాను. నా జ్ఞాపకశక్తి ఎంత పెరిగిందంటే, ఎప్పుడో భీమారావు గారి గృహప్రవేశంలో నాకు రెండో లడ్డూ వెయ్యకపోవడం నిన్న గుర్తొచ్చి ఆయనతో మాటలు మానేశాను. ఇంత కోపం ఉన్నవాడికి దిగులుపడే తీరిక ఎక్కడిది? మా వీధిలో పోలయ్య అని, మిల్లులో క్రేన్ నడిపి రిటైరైన ఆయన ఉన్నాడు. రిటైరయ్యాక నీరసంగా గోడవైపు చూస్తూ కూర్చునేవాడు. ఇప్పుడు డబ్బా వాడుతున్నాడు. సైరన్ మోగకముందే లేచి, వీధి మొత్తం చీపురుతో ఊడ్చి, ఊడుస్తున్నంతసేపూ పాత సూపర్‌వైజర్లని పేరుపేరునా తిడుతున్నాడు. ఉత్సాహం అంటే అది!

అయినా సందేహించేవాళ్ళు ఉంటారు. అలాంటి వాళ్ళ కోసమే మా కింద వాటాలో ఉండే రోహిణి సంగతి రాస్తున్నాను. క్యాప్సూల్ మహిమకి ఇంతకు మించిన సాక్ష్యం జంషెడ్‌పూర్ మొత్తం మీద దొరకదు.

రోహిణికి ముప్పై దాటాయి. భర్త అమర్ కారఖానాలో కాంట్రాక్టర్ కింద ఎలక్ట్రికల్ పని చేస్తాడు. తాగడు. కూతురు తనుశ్రీ క్లాసులో ముందుంటుంది. అత్తగారు తవిటమ్మ శ్రీకాకుళం వైపు పల్లె నుంచి కొత్త పెళ్ళికూతురుగా ఈ ఊరొచ్చి, ఇక్కడే జుట్టు నెరిసిన మనిషి. రోహిణి జుగ్సలాయిలో నట్లూ బోల్టులూ టోకున అమ్మే గోడౌన్‌లో బిల్లింగ్ చేస్తుంది.

ఇవన్నీ సరే. రోహిణి అసలు గుర్తింపు వేరే. ఆవిడ గొడవ పెట్టుకుంటుంది! వెనక సీట్లో నలుగురిని కుక్కిన ఆటోవాడితో, నీళ్ళ మోటారు ఆలస్యంగా వేసిన ఇంటాయనతో, తూకంలో కిటుకు చేసే కూరగాయలవాడితో. నేను పైన ఆరేసిన లుంగీ నీళ్ళు కింద వాళ్ళమ్మాయి యూనిఫాం మీద పడ్డాయని నాతో ఎన్నిసార్లు గొడవైందో చెప్పలేను. నేను పైనుంచి హిందీలో మొదలుపెడితే ఆవిడ కింద నుంచి తెలుగులో ముగించేది.

కిందటేడు వానలు తగ్గాక ఆ గొంతు ఆగిపోయింది.

మొదట నేనే గమనించాను. లుంగీ నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆవిడ గుమ్మంలో నిలబడి ఆ నీళ్ళకేసి చూస్తోంది. చూసి లోపలికి వెళ్ళిపోయింది. అంతే! ఆటోలో ఐదుగురిని కుక్కినా ముడుచుకుని కూర్చుంటోంది. కుళ్ళు టమాటాలు వేసినా సంచీ చాపుతోంది. ఇంట్లో జడ సగం అల్లి, మిగతా సగం చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోతోంది. స్నానానికి లేవడం కూడా పెద్ద ప్రయాణమైపోయిందట.

మేమందరం ఎంత సంతోషించామో! వీధికి శాంతి వచ్చింది. నీళ్ళ కుళాయి దగ్గర తవిటమ్మ నాతో మురిసిపోతూ చెప్పింది.

"మా కోడలు బాగుపడిపోనాది తమ్ముడూ. ఇదివరకు ఒక మాటంటే పది అనేది గదా. ఇప్పుడేటన్నా ఊఁ అంటాది, అంతే."

ఒక ఆడమనిషి మాట్లాడటం మానేస్తే బాగుపడిపోయినట్టు నిర్ధారించడానికి ఏ స్కానింగూ అక్కర్లేదు. ఇది మన ఇళ్ళలో ఎప్పటినుంచో అమల్లో ఉన్న వైద్యశాస్త్రం.

చిక్కు ఇంట్లో రాలేదు, గోడౌన్‌లో వచ్చింది. రోహిణి బిల్లుల్లో తప్పులు మొదలయ్యాయి. చక్రధర్‌పూర్ వెళ్ళాల్సిన బోల్టులు ఘాట్‌శిలా వెళ్ళాయి. ఘాట్‌శిలా వాషర్లు ఎక్కడికి వెళ్ళాయో ఇప్పటికీ తెలియదు. గోడౌన్ యజమాని సేఠ్, అమర్‌కి ఫోన్ చేశాడు. మనిషి తప్పిపోతే ఎవరూ వెతకలేదు గానీ, బోల్టులు తప్పిపోతే జుగ్సలాయి నుంచి భుయ్యాడీహ్ దాకా అందరూ కదిలారు.

ఆ సాయంత్రం కింద వాటాలో జరిగిన విచారణ నాకు మెట్ల మీద నుంచి స్పష్టంగా వినిపించింది. నేను వినాలని వినలేదు. క్యాప్సూల్స్ వల్ల చెవులు చురుగ్గా ఉన్నాయి.

"ఏటయింది నీకు?" అన్నాడు అమర్.

"తెల్దు."

"తెల్దంటే? ఎవులేనా ఏటన్నా అన్నారా? సేఠ్ గానీ..."

"లే."

"మరి?"

"మన్ నహీఁ లగ్‌తా," అంది రోహిణి. దేని మీదా మనసు పోవటం లేదని.

"మన్ లగకపోడం ఏటే?" తవిటమ్మ అందుకుంది. "ఏటి తక్కువయిందే నీకు? మొగుడు కొడతన్నాడా? నేను అన్నం పెట్టడం మానేసినానా? ఊరకే దిగులెట్టుకుంటే ఇంటికి అరిష్టం."

చూశారా, ఎంత న్యాయమైన ప్రశ్న! దిగులుకి కారణం చూపించాలి. కారణం లేని దిగులు చెల్లదు. టిక్కెట్టు లేని ప్రయాణం లాంటిది, పట్టుబడితే దింపెయ్యాలి.

ఆ క్షణంలో దేవుడిలా వచ్చినవాడు ప్రేమ్‌కుమార్. అమర్‌కి బాబాయి కొడుకు. ఇదివరకు ఇన్సూరెన్స్ అమ్మేవాడు, తర్వాత వాటర్ ఫిల్టర్లు అమ్మాడు, ఆ తర్వాత జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళకి ప్రొటీన్ పౌడర్ అమ్మాడు. ఇప్పుడు కార్డు మీద 'బ్రెయిన్ కోచ్' అని ఉంటుంది. నది అవతల మాంగోలో ఒక పెళ్ళిళ్ళ హాలు మేడ మీద ప్రతి ఆదివారం పొద్దున్న 'మూడ్ అప్' అనే సమావేశం పెడతాడు. వాటర్ ఫిల్టర్ నుంచి మెదడు దాకా ఎదగడం అందరికీ సాధ్యమా?

అతను రోహిణిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఫోన్‌లో ఒక యాప్ తెరిచి ప్రశ్నలు నొక్కించాడు. చివర్లో ఒక బ్యాటరీ బొమ్మ వచ్చింది. ఎర్రగా ఉంది.

"చూసినావా వదినా? బ్రెయిన్ డిశ్చార్జ్ అయిపోనాది. యే సబ్ కెమికల్ కా ఖేల్ హై, అంతా కెమికల్ ఆట. సెరటోనిన్ డౌన్, డోపమైన్ డౌన్. డాక్టర్ దగ్గరికెల్తే పిచ్చి మాత్రలు రాసి జీవితాంతం అలవాటు సేసేత్తాడు. ఇది అలగ కాదు, ఫుల్ నేచురల్. ఇందులో ఏటీ లేదు!"

ఇందులో ఏమీ లేదని అమ్మేవాడే స్వయంగా చెప్పాడు. ఈ కాలంలో ఇంత నిజాయితీపరుడైన వ్యాపారి ఎక్కడ దొరుకుతాడు?

డబ్బాలు వచ్చాయి. పొద్దుటికి ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి, పుట్టగొడుగు పొడి వేరే. తవిటమ్మ వాటిని ఫ్రిజ్ మీద వరసగా, మెదడు బొమ్మలు బయటికి కనిపించేలా పేర్చింది. వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించి, "మా కోడలు తెలివికి వాడతంది," అని చెప్పేది. దిగులుకి అనలేదు, తెలివికి అంది. ఈ ఒక్క మాటలోనే సప్లిమెంట్ల గొప్పతనమంతా ఉంది. జబ్బు లేకుండా మందుంటుంది!

మరి పనిచేసిందా? భేషుగ్గా పనిచేసింది! కొద్ది రోజుల్లోనే రోహిణి బిల్లులు చకచకా కొట్టేస్తోంది. బోల్టులు చక్రధర్‌పూర్‌కీ, వాషర్లు ఘాట్‌శిలాకీ పద్ధతిగా వెళుతున్నాయి. సేఠ్ ముచ్చటపడి గోడౌన్‌లో అందరికీ డబ్బాలు ఆర్డర్ ఇస్తానన్నాడు. అమర్ ఊపిరి పీల్చుకున్నాడు.

చేతులు వణకడం, గుండె దడదడలాడటం, నిద్ర పట్టకపోవడం లాంటి చిల్లర విషయాలు ఉన్నాయి గానీ, ప్రేమ్‌కుమార్ వాటికి వివరణ ఇచ్చాడు. "అది యాక్టివేషన్ వదినా. బ్రెయిన్ ఓపెన్ అవతంది." నిద్ర కోసం సాయంత్రం వేసుకునే ఇంకో డబ్బా కూడా ఇచ్చాడు. ఒక డబ్బా మెలకువ ఉంచుతుంది, ఇంకో డబ్బా పడుకోబెడుతుంది. మధ్యలో మనిషితో ఇక పనేముంది?

అసలు దిగులు తగ్గిందా అని మీరు అడుగుతారు. మీరు మొండివాళ్ళు. సరే, చెబుతాను. రోహిణి పూర్వం నెమ్మదిగా, అక్కడక్కడా ఆగుతూ దిగులుపడేది. ఇప్పుడు చురుగ్గా, ఆగకుండా, పూర్తి ఏకాగ్రతతో దిగులుపడుతోంది. ఏకాగ్రత పెరుగుతుందని డబ్బా మీద రాసే ఉంది కదా!

ఇంత చక్కగా సాగుతున్న వైద్యాన్ని చెడగొట్టిన మనిషి త్రివేణి.

త్రివేణి అదే గోడౌన్‌లో సరుకు పంపించే కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. ఒడిశా సరిహద్దు నుంచి వచ్చిన తెలుగావిడ, రోహిణి కంటే పెద్దది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ టిఫిన్ డబ్బాలు విప్పుకున్నారు. రోహిణి అన్నం కెలుకుతూ, రేపు ఏం కూర వండాలో చెప్పినంత మామూలుగా ఒక మాట అంది. తర్వాత ఈ సంగతంతా రోహిణే నాకు చెప్పింది.

"అక్కా, ఆదివారం ప్రేమ్ మీటింగయ్యి మాంగో నుంచి వత్తంటే, బ్రిడ్జి మీద ఆటో ఆగిపోతే బాగున్ను అనిపించింది."

"ఎందుకు?"

"దిగిపోదామని."

"దిగి?"

రోహిణి మెతుకులు ఒక పక్కకి తోసింది. "అంతే," అంది. "రోజూ అనిపిస్తంది. బ్రిడ్జి లేకపోయినా అనిపిస్తంది."

త్రివేణి టిఫిన్ డబ్బా మూసేసింది. ఏడవలేదు, తిట్టలేదు, నీకేం తక్కువని అడగలేదు. సంచీలోంచి పళ్ళపొడి డబ్బా ఒకటి తీసి మూత తిప్పింది. లోపల పళ్ళపొడి లేదు. మాత్రల స్ట్రిప్ ఉంది.

"ఇవి నేను ఏసుకుంటన్నాను. శానా ఏళ్ళ నుంచి. ఇంట్లో గ్యాస్ మాత్రలని సెప్పినాను. మా ఆయన ఇప్పటికీ నా కడుపే బాగోదనుకుంటాడు."

"నీకా? నువ్వు ఎప్పుడూ నవ్వుతావు గదా అక్కా!"

"ఏసుకుంటన్నాను కాబట్టి నవ్వుతన్నాను. రేపు డ్యూటీకి రాకు. నాతో రా. ఆ డబ్బాలన్నీ తీసుకుని రా. ఈ రాత్రికి మీ అత్త పక్కన పడుకో. ఒక్కదానివీ ఉండకు."

మర్నాడు ఇద్దరూ పెద్దాసుపత్రికి వెళ్ళారు. పాఠకులు గమనించాలి, అక్కడ ఏర్పాట్లు ఎంత వెనకబడి ఉన్నాయో! ఒక యాప్ లేదు. ఒక మెదడు బొమ్మ లేదు. ఒక బెంచీ, పొడుగాటి వరస, గది లోపల అలిసిపోయిన ఒక డాక్టరమ్మ. ఆవిడ చేసిందల్లా ప్రశ్నలు అడగడం. నిద్ర పడుతోందా? తింటున్నారా? పనిలో మనసు నిలుస్తోందా? చచ్చిపోవాలనిపిస్తోందా?

"జ్వరం ఉందా అని అడిగినట్టు అడిగింది అంకుల్," అని చెప్పింది రోహిణి. "నేను అవును అన్నాను. ఆమె కంగారుపడలేదు. ఎప్పటినుంచి అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చీసింది. ఆమె ఆగింది. వెనకాల అంత లైన్ ఉంది, అయినా ఆగింది."

ఇదేం వైద్యమండీ! మనిషిని ఏడిపించి, ఆ ఏడుపు అయ్యేదాకా కూర్చోవడమా? ప్రేమ్‌కుమార్ ఒక్కరోజైనా ఆవిడని ఏడవనిచ్చాడా?

త్రివేణి సంచీలోంచి డబ్బాలు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ ఒక్కొక్కటీ తిప్పి చూసింది. ఒకదాని వల్లే నిద్ర చెడుతోందంది. ఒకదాంట్లో ఏముందో పూర్తిగా రాయనే లేదంది. ఇంకొకటి, తను రాసే మందుతో కలిస్తే ప్రమాదమంది. అన్నీ ఆపమని, మాత్రలు రాసి, అవి పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పింది. ఈలోగా వారం వారం రమ్మంది, పక్క గదిలో కౌన్సెలర్‌తో మాట్లాడమంది, ఒంటరిగా ఉండొద్దంది. వచ్చేసారి భర్తని తీసుకురమ్మంది.

కొన్ని వారాలు! మన దగ్గర మూడు రోజుల్లో ఫలితమని డబ్బా మీదే రాసుంటే, ఈవిడ వారాలంటుంది. చదువుకున్నవాళ్ళతో ఇదే చిక్కు. ఉన్నది ఉన్నట్టు చెబుతారు.

రోహిణి ఆ మాత్రలు, ఆసుపత్రి చీటీతో సహా, తెచ్చి శనగపప్పు డబ్బాలో దాచింది. మెదడు బొమ్మలున్నవి మళ్ళీ ఫ్రిజ్ మీదకెక్కి ఊరేగుతుంటే, అసలు మందు పప్పులో పూడిపోయింది. తవిటమ్మ మర్నాడే పప్పు నానబెట్టబోయి పట్టేసింది.

అమర్ పొద్దుటి షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి స్ట్రిప్పూ చీటీ మంచం మీద ఉన్నాయి. తవిటమ్మ వాటి పక్కన కాపలా కూర్చుంది.

"పిచ్చోల్ల ఆసుపత్రికి ఎల్లొచ్చిందిరా నీ పెళ్ళాం! రేపు తనుశ్రీకి ఏ సంబంధం వత్తాది?"

తనుశ్రీకి అప్పటికి మూడో క్లాసు. ముందుచూపంటే అదీ!

అమర్ చీటీ చదివి, స్ట్రిప్ వెనక్కి తిప్పి చూశాడు. "నాకెందుకు సెప్పలేదు?" అన్నాడు.

"సెప్పినాను," అంది రోహిణి. "మన్ నహీఁ లగ్‌తా అని సెప్పినాను. నువ్వు ప్రేమ్‌ని పిలిచినావు."

మెట్ల మీద ఉన్న నేను మాత్రం తర్వాతి మాట కోసం చాలాసేపు చెవి ఒగ్గాల్సి వచ్చింది. ఆఖరికి, "సచ్చిపోవాలనిపించిందా?" అన్నాడు అమర్. రోహిణి ఏం చెప్పిందో వినపడలేదు. ఆ తర్వాత వినిపించింది అమర్ ఏడుపు.

తర్వాతి వారం అతను డ్యూటీ మానుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. హెల్మెట్ పెట్టుకునే వెళ్ళాడు. వెళ్ళి, బెంచీ మీద కూడా హెల్మెట్ తియ్యకుండానే కూర్చున్నాడు. తెలిసినవాళ్ళు చూస్తే? పక్కన ఇంకో హెల్మెట్ మనిషి కూర్చున్నాడట. కొంతసేపటికి ఆ హెల్మెట్ లోంచి ఫోన్ మాట్లాడుతున్న గొంతు వింటే, సైట్‌లో అమర్ ఎవరి కింద పనిచేస్తాడో ఆ సూపర్‌వైజర్‌ది. ఇద్దరూ ఒకరినొకరు పోల్చుకున్నారు. ఇద్దరూ హెల్మెట్లు కొద్దిగా ఊపుకున్నారు. సేఫ్టీ విషయంలో మా ఊరు ఎంత ముందుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

తర్వాతి రోజులు నెమ్మదిగా గడిచాయి. మొదట్లో రోహిణికి కడుపులో తిప్పేది, మానేస్తానంది. అమర్ డాక్టరమ్మని అడిగొచ్చి, అన్నం తిన్నాక వెయ్యాలని చెప్పి, తనే గ్లాసుతో నీళ్ళు పట్టుకుని నిలబడేవాడు. ఒక వారం బాగుండేది, ఇంకో వారం మళ్ళీ మంచం దిగేది కాదు. కౌన్సెలర్ గదిలో ఏం మాట్లాడేదో మాకు తెలియదు. నిద్ర మాత్రం పట్టడం మొదలైంది. తర్వాత ఆకలి. చలికాలం వెళ్ళిపోతూ ఉండగా ఒక ఉదయం కింద నుంచి ఒక్క కేక వినపడింది.

"అంకుల్! మీ లుంగీ పిండడం మీకు రాదా, లేక పిండేవాళ్ళు లేరా?"

నా భార్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "రోహిణి తిట్టింది! రోహిణి తిట్టింది!" అని సంబరపడింది. తిట్లు తిన్నది నేనని ఆవిడకి గుర్తు లేదు. క్యాప్సూల్స్ ఆవిడ వాడదు.

ఇప్పుడు చెప్పండి, ఈ ఘనత ఎవరిది? ప్రేమ్‌కుమార్‌దే! ఎందుకంటే డబ్బాలు ఇంకా ఫ్రిజ్ మీదే ఉన్నాయి. తవిటమ్మ తియ్యనివ్వలేదు. తీస్తే, కోడలు మరి దేనివల్ల బాగుపడిందో వీధికి చెప్పాల్సి వస్తుంది. ప్రేమ్‌కుమార్ ఓ రోజు వచ్చి, రోహిణి తనుశ్రీని చదవమని గదమాయించడం విని, అక్కడికక్కడే ఆవిడ ఫొటో తీసుకెళ్ళాడు. మాంగో హాలు ముందు బ్యానర్ లేచింది. ఎడమవైపు దిగాలుగా రోహిణి, కుడివైపు నవ్వుతూ రోహిణి. ఎడమవైపుది ఆధార్ కార్డు ఫొటో.

వచ్చే ఆదివారం స్టేజి ఎక్కి రెండు మాటలు చెప్పాలని కబురు పెట్టాడు. అమర్ వద్దన్నాడు.

"వత్తానని సెప్పు," అంది రోహిణి.

అమర్‌కి ఆ రోజు డ్యూటీ పడింది. రోహిణి, తవిటమ్మ, పాత కస్టమర్ హోదాలో నేను, ముగ్గురం ఆటోలో మాంగో వెళ్ళాం. హాలు నిండుగా ఉంది. రిటైరైన వాళ్ళు, పరీక్షలు తప్పిన వాళ్ళు, చంటిపిల్లల తల్లులు, షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్ళు. ఇంతమంది ఆదివారం పొద్దున్నే మూడ్ పైకి లేపుకోవడానికి వచ్చారంటే, వారమంతా అది ఎక్కడ ఉన్నట్టు? ఇలాంటి ప్రశ్నలు మనకి అనవసరం.

ప్రేమ్‌కుమార్ చప్పట్లు కొట్టించి మైకు వదిన చేతిలో పెట్టాడు. తవిటమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది.

"నా పేరు రోహిణి," అంది రోహిణి. మైకుని రెండు చేతులా పట్టుకుంది. "నాకు డిప్రెషన్. ఈ డబ్బాలు నేను ఎప్పుడో ఆపేసినాను. వీటివల్ల నాకు నిద్ర పోయింది, దిగులు పోలేదు. సచ్చిపోవాలనిపించింది. పెద్దాసుపత్రిలో డాక్టర్ దగ్గరికెల్లినాను. మాత్రలు ఏసుకుంటన్నాను. ఇయ్యాల కూడా ఏసుకునే వచ్చినాను. ప్రేమ్‌బాబు, బయట నా ఫొటో తీయించెయ్యి. అంతే."

మైకు స్టాండుకి పెట్టి దిగిపోయింది.

ప్రేమ్‌కుమార్ మైకు లాక్కుని, "మా వదిన మజాక్ చేత్తంది!" అని గట్టిగా నవ్వాడు. అతని వెంట ముందు వరస కూడా కొంత నవ్వింది. వెంటనే టీ విరామం ప్రకటించాడు.

అప్పుడు నేనొక అద్భుతం చూశాను. మెట్ల దగ్గర రోహిణి చుట్టూ ఒక్కొక్కరే చేరారు. ఎవరూ ఆవిడ మొహం చూడటం లేదు, అందరూ టీ కప్పుల్లోకి చూస్తున్నారు. ఏ రోజుల్లో చూస్తారని ఒకావిడ అడిగింది. ఆడ డాక్టరేనా అని ఇంకో ఆవిడ. ఒక పెద్దమనిషి, "నాకు కాదమ్మా, మా ఫ్రెండ్‌కి," అన్నాడు. అతని వెనక నిలబడినతనూ ఫ్రెండ్ కోసమే వచ్చాడు. ఆ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ దిగులుతో ఉన్న ఒక ఫ్రెండ్ ఉన్నాడని ఆ రోజే తెలిసింది. రోహిణి అందరికీ ఓపిగ్గా చెప్పింది. చెప్పించుకున్నవాళ్ళు లోపలికి వెళ్ళి, నలుగురూ చూస్తుండగా ఒక్కో డబ్బా కొనుక్కుని సంచీలో వేసుకున్నారు.

తిరుగు ఆటోలో తవిటమ్మ మధ్యలో కూర్చుంది. మొహం బిగించుకుంది.

"అంతమందిలో పరువు తీసినావు," అంది బజారు దాటాక.

ఆటో బ్రిడ్జి ఎక్కింది. సువర్ణరేఖ నది కింద రాళ్ళ మధ్య పాయలుగా పారుతోంది. రోహిణి చూసింది, చూపు తిప్పుకుంది. తవిటమ్మ కోడలి చేతి మీద గట్టిగా తన చెయ్యి వేసింది. ఆటో బ్రిడ్జి దిగేదాకా తియ్యలేదు.

దిగాక, నాకు వినపడకూడదని గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఆ డాక్టరమ్మ ముసలోల్లని కూడా సూత్తాదేటే?"

"ఎవరికి అత్తా?"

"ఎవులికో." కాసేపు రోడ్డు వైపు చూసింది. "పెళ్ళయి ఈ ఊరొచ్చినకాడి నుంచీ, పొద్దున్న లెగవాలంటే గుండెల మీద బండ ఎట్టినట్టే ఉంటాది. పిల్లలు పుట్టినా అంతే, పిల్లలు పెరిగినా అంతే. అందరికీ ఇలగే ఉంటాదనుకున్నాను."

రోహిణి అత్తగారి వైపు తిరిగింది. అంతకు ముందెప్పుడూ ఆ మొహాన్ని చూడనట్టు చూసింది.

"బుధవారం నాకుంది," అంది. "ఇద్దరం ఎల్దాం."

చూశారా పాఠకులారా, ఒక్క మనిషి డబ్బా మానేస్తే ఎంత దూరం వచ్చిందో! అందుకే బతిమాలుకుంటున్నాను, మీరు మాత్రం మానకండి. మానితే, ఒకే కప్పు కింద జీవితమంతా గడిపిన మనుషులు ఒకరినొకరు ఎలా ఉన్నావని అడగాల్సి వస్తుంది. అడిగాక, జవాబు అయ్యేదాకా కూర్చోవాల్సి వస్తుంది. అంత ధైర్యం పుట్టించే క్యాప్సూల్ ఇంకా మార్కెట్లోకి రాలేదు.